ఉప్పు తగ్గిన నీలం

పటమటలో నాది చిన్న చీరల కొట్టు. పోయిన వేసవిలో ఒక గురువారం, ఎప్పుడూ మా దగ్గరే కొనే ఒకావిడ వచ్చారు. ఆవిడ మా నీలం చీర తేలేదు. దాంతో కలిపి ఉతికిన వాళ్లాయన తెల్ల పంచె తెచ్చారు. పంచంతా లేత నీలం. "దీన్ని కూడా మీరే అమ్ముకోండి," అని బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ఆ వారంలో అది మూడో ఫిర్యాదు. ఆ చీరల నూలుకి రంగు అద్దేది పెడనలో ఉండే కోటేశ్వరరావు గారు. మా అత్తగారు కొట్టు నడిపిన రోజుల నుంచీ ఆయనే. ఇక మీకు పని ఇవ్వలేనని ఫోన్లో చెప్పడం మర్యాద కాదనిపించి, మర్నాడు పంచె తీసుకుని బయల్దేరాను.

ఆరున్నరకి బెంజి సర్కిల్ దగ్గర బందరు బస్సెక్కాను. మీరెవరైనా వెళ్లేట్టయితే బస్టాండుకే వెళ్లి ఎక్కండి. నేను ఉయ్యూరు దాకా నిలబడే ఉన్నాను. ఉయ్యూరులో సీటు దొరికాక, పక్కనాయన నా ప్లాస్టిక్ కవర్లోంచి కనిపిస్తున్న పంచెను పామర్రు దాకా చూసి, ఈ రంగు పంచెలు ఎక్కడ దొరుకుతాయండీ అని అడిగారు. అమ్మకానివి కావని చెప్పాల్సి వచ్చింది. ఎనిమిదీ ముప్పావుకి బందరులో దిగి ఇడ్లీ తిన్నాను. షేర్ ఆటోలో పెడన చేరేసరికి తొమ్మిదిన్నర.

కోటేశ్వరరావు గారికి అరవై దాటాయి. మోచేతుల దాకా నీలంతో షెడ్డులోంచి వచ్చారు. పంచె పరిచాను. ఆయన వేళ్లతో రుద్ది చూసి, రెండు గాజు గ్లాసుల్లో ఒకే రంగు నీళ్లు పోశారు. మూలనున్న స్టీలు గిన్నెలోంచి పిడికెడు ఉప్పు తీసి ఒకదాంట్లో కలిపారు. రెండింట్లోనూ తెల్ల నూలు ముంచి, కూర్చోమన్నారు. అరగంటయ్యేసరికి ఉప్పు వేసిన గ్లాసులో నీళ్లు తేటపడ్డాయి, నూలు ముదురు నీలమైంది. రెండో గ్లాసులో రంగు చాలావరకు నీళ్లలోనే ఉండిపోయింది.

"ఉప్పే రంగుని నీళ్లలోంచి నూలు మీదకి తోసేదమ్మా. తర్వాత వేసే చాకలి సోడా దాన్ని పట్టి ఉంచుద్ది," అన్నారు. "ఉప్పు చాలక షేడు రాలేదు. రంగు ఇంకాస్త గుప్పించాను. అదే పైపైన అంటుకుని మీ దగ్గర కారిపోయింది."

ఇంత తెలిసిన మనిషి ఉప్పెందుకు తగ్గించారని అడిగాను. ఆయన గుమ్మం వైపు చూశారు. అక్కడ వాళ్లావిడ సామ్రాజ్యం గారు నిలబడి ఉన్నారు.

సంగతి ఆవిడే చెప్పారు. ఈయనకి బీపీ ఉందని డాక్టరు ఉప్పు తగ్గించమన్నారట. ఇంట్లో కూరలు చప్పగా చేస్తుంటే, ఈయన జేబులో పచ్చిమామిడి ముక్కలు వేసుకుని షెడ్డుకొచ్చి, అద్దకం ఉప్పు బస్తాలో అద్దుకుని తింటున్నారట. పట్టుకున్న రోజే ఆవిడ బస్తాలన్నీ సముద్రం దగ్గర ఉప్పుమళ్లలో పనిచేసే తమ్ముడి దగ్గరికి పంపేసి, రోజుకో గిన్నెడు కొలిచి ఇస్తున్నారు. దొరికిపోయిన సిగ్గుతో ఆయన చాలదని నోరెత్తలేదు.

"పనికి చాలట్లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా," అన్నారావిడ.

"చెబితే నమ్ముతావా?" అన్నారాయన.

ఆవిడ నమ్మనని ఒప్పుకున్నారు.

ఇక పని ఇవ్వలేనని చెప్పడానికి బస్సులో కూర్చుకున్న మాటలు పక్కన పెట్టేశాను. ఈలోగా భోజనానికి లేవమన్నారు. దోసకాయ పప్పు, వంకాయ కూర, రెండూ ఉప్పు లేకుండానే. మొహమాటానికి బాగుందన్నాను. మళ్లీ వడ్డించారు.

బస్తాల సంగతి తేల్చుకుందామని ఒంటిగంటకి ముగ్గురం ఆటోలో ఉప్పుమళ్లకి వెళ్లాం. గొడుగు లేకుండా వెళ్లకండి, కింద తెల్లటి ఉప్పు, పైన ఎండ, కళ్లు తెరవలేం. సామ్రాజ్యం గారి తమ్ముడు చెక్క పారతో ఉప్పు ఒడ్డుకి లాగుతున్నాడు. సముద్రపు నీళ్లు ఒక మడిలోంచి ఇంకో మడిలోకి మారుస్తూ చిక్కబడే దాకా ఎండబెడతారట. ఉప్పు కట్టాక అడుగున మిగిలిన నీళ్లు పూర్తిగా ఇంకకముందే బయటికి వదిలేయాలట, లేకపోతే ఆ నీళ్లలోని చేదంతా ఉప్పుకి పట్టి, బస్తాలో చెమ్మగిల్లుతుందట. అద్దకానికి బాగా కడిగిన తెల్ల ఉప్పే కావాలని కోటేశ్వరరావు గారు అందుకున్నారు. పొద్దుటి నుంచి ఆయన గట్టిగా మాట్లాడింది అప్పుడే.

ఒప్పందం అక్కడే గట్టు మీద కుదిరింది. బస్తాలు షెడ్డుకి తిరిగొస్తాయి. తాళం ఆవిడ దగ్గరే. నూలు బరువు చూసి, దానికి తగిన ఉప్పు ఆవిడే తూచి తొట్టిలో వేస్తారు. పాడైన చీరలకి బదులుగా మళ్లీ నూలు అద్ది ఇస్తామన్నారు. నేను తర్వాతి ఆర్డరు కూడా చెప్పేశాను.

వచ్చేముందు తమ్ముడు మా ముగ్గురి చేతుల్లో తలా ఒక ఉప్పుగల్లు పెట్టాడు. కోటేశ్వరరావు గారు దాన్ని నోట్లో వేసుకోలేదు. భార్య మొహం వైపు చూశారు. ఆవిడ అటూ ఇటూ చూసి, తన చేతిలోని గల్లు కొరికి, చిన్న ముక్క ఆయనకిచ్చి, ఆయన చేతిలోని గల్లు లాక్కున్నారు. ఆయన కళ్లు మూసుకుని చప్పరించారు.

అయిదుంపావు బస్సులో కిటికీ సీటు దొరికింది. దారి పొడవునా కాలువ గట్టు, ఎండిన మాగాణి, అక్కడక్కడా చేపల చెరువులు. ఈ దారిలో ఇంతకుముందు చాలాసార్లు వచ్చాను కానీ, నూలు చూసి బేరమాడి వెళ్లిపోవడమే తప్ప వాళ్లింట్లో భోంచేసింది లేదు. పామర్రులో ఎక్కిన ఒకావిడ పక్కన కూర్చుని, బందరులో ఏం పనండీ అని అడిగింది.

"గొడవ పెట్టుకుందామని వెళ్లానండి."

"అయిందా?"

"కుదర్లేదండి," అన్నాను.