నా మోకాలు, దావీదు కూత

2023 వేసవి. మొగల్తూరుకి అవతల మా ఊరి హైస్కూలు గ్రౌండు. అక్కడ ఏటా జరిగే కబడ్డీ పోటీలకి మొదటి ఏడాది నుంచీ ఫొటోలు తీసేది నేనే. పగలు ఎండకి ఆ ఇసకలో ఎవడూ కాలు పెట్టలేడు కాబట్టి ఆటలన్నీ పొద్దుగూకాకే. నాలుగు మూలలా నాలుగు సరుగుడు కర్రలు, కర్రకో లైటు. ఆ వెలుతురు పురుగులకి సరిపోతుందేమో గానీ కెమెరాకి సరిపోదు.

అంతకుముందు ఏడాది నేను తీసిన ఫొటోతో కమిటీవాళ్ళు పెద్ద ఫ్లెక్సీ వేయించారు. అందులో మా జట్టు కెప్టెన్ దావీదు తల ఒకచోట ఉంది, మిగతా మనిషంతా పొగ. "మాస్టారూ, కబడ్డీ తీశారా, కుంపటి తీశారా?" అని టీ బడ్డీ దగ్గర ఒకటే ఎకసెక్కాలు.

ఈసారి పోటీలకి పదిరోజుల ముందు కమిటీ ప్రెసిడెంటు, కొబ్బరికాయల వ్యాపారి సూర్నారాయణ గారు, నా స్టూడియోకి వచ్చారు.

"మీరు పెద్దవారండి. మిమ్మల్ని అనడానికి నాకు నోరు రాదండి. కాకపోతే ఈసారి కూడా పొగే వస్తే, వచ్చే ఏటి నుంచి రాజమండ్రి కుర్రాణ్ణి పిలుద్దామనుకుంటున్నామండి. ఆ అబ్బాయి లెన్సు మోచెయ్యంత ఉంటుందండి."

"మోచెయ్యంత ఉంటే దాంతో పొట్లకాయలు కొలుచుకోమనండి" అన్నాను.

మాటమాటకీ అండి పెట్టి మరీ మనిషిని పనిలోంచి పీకడం మా జిల్లావాళ్ళకే చేతనవును. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. నాకు గురువు లేడు, కాలేజీ లేదు. పాతరోజుల్లో ఫిల్మ్ డబ్బాలో వచ్చే కాగితం చూసి నేర్చుకున్నాను. ఎండైతే ఇంత, మబ్బైతే ఇంత, నీడైతే ఇంత అని ఉండేది అందులో. నీడ దగ్గర కాగితం అయిపోయింది. ఆ తర్వాతదంతా నా సొంత చదువు. అలాంటి నన్ను మోచెయ్యి చూపించి బెదిరిస్తారా?

అసలు తప్పెక్కడుందో కూర్చుని ఆలోచించాను. పెళ్ళిళ్ళ అలవాటు! పెళ్ళిలో షట్టర్ స్పీడు సెకనులో అరవయ్యో వంతు పెడితే చాలు. పీటల మీద నుంచి ఎవరూ పరిగెత్తరు.

తెలియనివారికి చెబుతాను. షట్టరంటే మన కాలవ లాకు తలుపు లాంటిదే. వెలుతురు నీళ్ళనుకోండి. తలుపు తెరిచి ఉన్నంతసేపూ మనిషి కదిలితే ఆ కదలికంతా బొమ్మలో పారుతుంది. దాన్నే మోషన్ బ్లర్ అంటారు. సెకనులో అయిదువందో వంతే తెరిస్తే, పరిగెత్తేవాడు కూడా కట్టేసినట్టు నిలబడతాడు. కానీ అంత కాస్త సేపట్లో వచ్చే వెలుతురు, వేసవిలో కాలవ చిట్టచివరి చేనుకి చేరే నీళ్ళంత. అందుకని అపర్చర్, అంటే లెన్సు లోపలి కన్ను, బార్లా తెరవాలి. అప్పటికీ చాలకపోతే ఐ.ఎస్.ఓ., అంటే ఉన్న వెలుతురునే ఎక్కువ చేసి చూపించే మీట, పెంచాలి. అది మోటారు పెట్టి తోడటం. నీళ్ళతోపాటు బురదా వస్తుంది, బొమ్మ మీద ఇసక చల్లినట్టుంటుంది. పొగైన మనిషికంటే ఇసకపడ్డ మనిషి నయం.

ఫ్లాష్ కొట్టొచ్చుగా అంటారు కొందరు మేధావులు. కూతకెళ్ళినవాడి కళ్ళలో ఫ్లాష్ కొడితే వాడొచ్చి మనల్ని కొడతాడు.

ఇంట్లో సీలింగు ఫ్యాను మీద సాధన మొదలుపెట్టాను. మంచం మీద వెల్లకిలా పడుకుని, తిరిగే రెక్కలు ఆగినట్టు వచ్చేదాకా తీశాను. మా ఆవిడ సుబ్బలక్ష్మి రెండురోజులు ఓపిక పట్టింది.

"ఏవండీ, స్విచ్చి కట్టేస్తే అదే ఆగుతుంది కదండీ?"

నేను మళ్ళీ వెల్లకిలా పడుకున్నాను. మూడోరోజుకి రెక్కలు నిలబడ్డాయి, వాటి అంచున పేరుకున్న దుమ్ముతో సహా. కేకపెట్టి ఆవిడకి చూపించాను. ఆవిడ తేరిపార చూసి, స్టూలూ తడిగుడ్డా తెచ్చి ఇచ్చింది.

ఫైనల్ రానే వచ్చింది. అవతల నరసాపురం వైపు జట్టు. మాకు రెండు పాయింట్లు తక్కువ, ఉన్నది ఒకటే కూత. దావీదు వెళ్ళాడు.

ఈ దావీదు సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఫిబ్రవరిలోనే చర్చిలో వాడి పెళ్ళికి ఫొటోలు తీశాను. ఉంగరం తొడిగేవేళ నేను ఎదురుగా మోకాలు నేలకి ఆనించి, "కదలకు, గడ్డం ఎత్తు, నవ్వు" అన్నాను. మొదటి రెండూ చేశాడు. మూడోది చెయ్యనందుకు చర్చి అదిరేలా తిట్టాను. వాడొక్కడే కాదు, నలభై ఏళ్ళుగా మా ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ నావే. నా మోకాలు నేలకి తగిలితే పసిపిల్లలు కూడా ఊపిరి బిగబడతారు.

దావీదు ముగ్గురిని తాకాడు. కూత పెడుతూనే వెనక్కి తిరిగి ఒక్క గెంతు గెంతాడు. ఇంకొక అడుగేస్తే మధ్యగీత, కప్పు మాది. మా జట్టు వెనక గీత దగ్గర, వాడి మొహానికి సూటిగా, నేను మోకాలు వేసి కెమెరా ఎత్తాను.

వాడు నన్ను చూశాడు.

ఆగాడు. కూత ఆపాడు. బనీను సర్దుకుని గడ్డం ఎత్తాడు. ఈసారి నవ్వాడు కూడా.

నొక్కాను. అవతలి జట్టంతా వాడిమీద పడింది.

"ఎంత పని చేశారండీ మాస్టారూ!" సూర్నారాయణ గారు గ్రౌండులోకి పరిగెత్తుకొచ్చారు.

"నేనేం చేశాను? నోరు మెదిపానా?"

"మోకాలు వేశారు కదండీ!"

"వెయ్యక తాటిచెట్టెక్కి తియ్యనా?"

దావీదు ఇసక దులుపుకుంటూ వచ్చాడు. "ఏమోనండి బాబాయ్ గారూ, మిమ్మల్ని చూడగానే కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయండి. పెళ్ళిలో తిట్టారు కదండీ!"

సూర్నారాయణ గారు కెమెరా లాక్కుని బొమ్మ చూశారు. దావీదు పెళ్ళికొడుకులా నిలబడి నవ్వుతున్నాడు. వాడి వెనక అవతలి జట్టు గాలిలో తేలుతోంది. చెదిరిన జుట్టు, చాచిన చేతులు, ఎగిరిన ఇసక రేణువులు, అన్నీ విడివిడిగా. ఆయన బొమ్మని పెద్దది చేసి మూలమూలా వెతికారు.

"పొగ లేదండి" అన్నారు చివరికి, ఏడవలేక.

ఆ బొమ్మని గెలిచినవాళ్ళు ఫ్లెక్సీ వేసుకున్నారు. దావీదు భార్య శాంతి కూడా ఒక ప్రింటు కావాలని వచ్చింది. "ఆల్బం మొత్తంలో ఈయన ఎక్కడా నవ్వలేదండి. ఆ వెనక మీదపడేవాళ్ళని తీసేసి ఇస్తారా?"

"కుదరదమ్మా. వాళ్ళ కోసమే నేను ఫ్యాను తుడిచాను" అన్నాను.

షట్టరూ అపర్చరూ ఐ.ఎస్.ఓ. అని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆటగాడు మనల్ని చూడకూడదన్న సంగతి ఒక్కడూ రాయలేదు. అది నాకు నేర్పడానికి మా ఊరు ఒక కప్పు పోగొట్టుకుంది. ఇప్పుడు నేను పక్కగా, జనం మధ్య నిలబడి తీస్తున్నాను.

ఫైనలైన వారానికి సూర్నారాయణ గారు మళ్ళీ వచ్చారు. రాజమండ్రి కుర్రాడికి కబురు పెట్టేశారేమో అనుకున్నాను.

"వచ్చే ఏడూ మీరేనండి. కమిటీ అంతా ఒకటే మాట." గొంతు తగ్గించారు. "కాకపోతే అవతలి ఊరి పెళ్ళిళ్ళు కూడా మీరే ఒప్పుకోండి మాస్టారూ. వాళ్ళకీ మీ మోకాలు అలవాటు చేసెయ్యండి."

నాకు ఒళ్ళు మండింది. కళ అంటే ఏమనుకుంటున్నారని కడిగేశాను. ఆయన టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ మాఘమాసంలో అవతలి ఊళ్ళో ఒక పెళ్ళి ఒప్పుకున్నాను. పెళ్ళికొడుకు వాళ్ళ జట్టు కెప్టెనే. తాళి కట్టేవేళ మోకాలు వేశాను. ఒక్కసారి చెబితే ఆగిపోయాడు. బుద్ధిమంతుడు.