గోనె పట్టా – ఒకటి

నా పదవీ విరమణకు ఏడాది ముందు, వేసవిలో, భోగాపురం దగ్గర హైవే పక్కనున్న ఒక కన్వెన్షన్ హాలుకు నన్ను బందోబస్తుకు వేశారు. అప్పుడు నేను ఆర్మ్‌డ్ రిజర్వులో సబ్ ఇన్‌స్పెక్టర్‌ని. ఒక సినిమా హీరోగారు అభిమానులతో ‘ఆత్మీయ సమ్మేళనం’ జరుపుతున్నారు. ఆత్మీయులకూ ఆయనకూ మధ్య మూడు వరసల బారికేడ్లు కట్టించింది మేమే.

నాకు అప్పగించింది కానుకల బల్ల. తెచ్చిన ప్రతి వస్తువునూ మెటల్ డిటెక్టరుతో చూడాలి, మూసి ఉంటే విప్పించాలి. వస్తువు పేరు, తెచ్చినవారి పేరు రిజిస్టరులో ఎక్కించి, అవే వివరాలు ఒక చీటీ మీద రాసి వస్తువుకు కట్టాలి. అక్కణ్ణుంచి అవి హీరోగారి మనుషుల చేతికి వెళతాయి. అభిమాని స్వయంగా ఇస్తానంటే వదలకూడదు.

అంత పిచ్చి నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. ఒకాయన సబ్బుమీద హీరోగారి ముఖం చెక్కి తెచ్చాడు. ఎండకి ముక్కు మెత్తబడిపోయింది. గజపతినగరం నుంచి వచ్చిన లెక్చరరుగారు సొంత రక్తంతో బొమ్మ గీశారు. ఆసుపత్రిలో రక్తం కావాలంటే ఈయన ఫోను ఎత్తుతాడా అనిపించింది. రిజిస్టరులో ‘కాగితం – ఒకటి’ అని రాసి నా కసి తీర్చుకున్నాను.

మధ్యాహ్నం నెల్లిమర్ల నుంచి అప్పలనర్సయ్య వచ్చాడు. జూట్ మిల్లులో మగ్గం నడిపి రిటైరైనవాడు. అతను చుట్టి తెచ్చినదాన్ని విప్పితే, రంగులద్దిన జనపనార పోగులతో నేసిన హీరోగారి ముఖం, చుట్టూ ఎర్రటి అంచు. ఇంట్లో చెక్క చట్రం కట్టుకుని ఆరు నెలలు నేశాడట. పని బాగుంది. అంత పనితనాన్ని ఆ ముఖానికి తగలేశాడని ఒళ్లు మండింది.

“ఒక్కసారి ఆయన సూస్తే సాలు బాబూ. నానే ఇప్పి సూపించీసి వచ్చెస్తాను” అన్నాడు.

కుదరదన్నాను. వెనక వరస అరుస్తోంది. మళ్లీ చుట్టించి, ‘గోనె పట్టా – ఒకటి’ అని చీటీ రాసి కట్టేశాను.

దుమ్ము లేవకుండా ట్యాంకరుతో నీళ్లు కొట్టడం వల్ల సాయంత్రానికి హీరోగారి కారవాన్ బండి ముందు బురదైంది. ఆయన మనుషులు మెట్టు కింద ఏదో పరిచారు. హీరోగారు వేదిక దిగి వచ్చి, దానిమీద రెండు బూట్లూ శుభ్రంగా తుడుచుకుని, చెయ్యి ఊపి ఎక్కేశారు. బండి కదిలాక, బారికేడు దగ్గరున్న అప్పలనర్సయ్య ఆ ఎర్ర అంచును గుర్తుపట్టాడు.

నేనే వెళ్లి తీశాను. బొమ్మ బోర్లా ఉంది. తిరగేసి చూసే ఓపిక అక్కడ ఒక్కడికీ లేకపోయింది. “ఇలాంటివాళ్ల కోసమా ఆరు నెలలు పోశావు?” అని అతన్ని దులిపేశాను. నేను అనుకున్నట్టే జరిగినందుకు లోపల కొంచెం సంతోషంగా కూడా ఉంది.

అతను అంచుకు ఇంకా వేలాడుతున్న చీటీ మీది బురద బొటనవేలితో తుడిచి, కూడబలుక్కుని చదివాడు.

“ఆలనేటంటాం బాబూ? పట్టా అని రాసుంటే పట్టానాగే పరిసినారు. ఇప్పి సూసింది తమరే కదా” అన్నాడు.

రిజిస్టరులో ‘తిరిగి ఇవ్వబడినది’ అని రాసి సంతకం తీసుకున్నాను. వస్తువు పేరు దిద్దుదామనుకున్నాను గాని, పై అధికారి సంతకం లేకుండా దిద్దకూడదు. ఎందుకు దిద్దుతున్నావని ఆయన అడుగుతారు. అలాగే వదిలేశాను.

అభిమానుల మీద నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు. కానీ మిగిలిన సర్వీసులో ఏ వస్తువు పేరైనా, తెచ్చినవాణ్ణి అడిగాకే రాశాను.