ఒక్కో తీగకూ వేరుగా

మా మావయ్యగారు పోయిన మంగళవారం తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించారు. ఏలూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను బియ్యం కడుగుతున్నాను. ఏం చేస్తున్నానో తెలియక కడిగినవే మళ్లీ కడిగాను. మావయ్యగారి గురించి రాయాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను.

కొల్లేరు పక్క ఊళ్లలో చేపల చెరువుల మోటార్లు బాగుచేయడం ఆయన పని. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అందరూ జ్వరాలు తగ్గిన సంగతి, పిల్లలు పాసైన సంగతి చెప్పుకుంటే, మా మావయ్యగారు లేచి ఆంపియర్ల గురించి చెప్పేవారు.

కథ ఎప్పుడూ ఒకటే. కాలవ అవతలి రైతుగారి చెరువులో, నీళ్లు చిలికి చేపలకు గాలి అందించే ఏరియేటర్లు రెండు ఒకే కంట్రోలర్ మీద నడిచేవి. ఎంత కరెంటు లాగుతున్నాయో చూడమని ఈయన్ని పిలిచారు. ఈయన కంట్రోలర్ మీద కనిపించే అంకె చూసి, "బాగానే ఉందండీ" అనేసి వచ్చారు. ఆ అంకె రెండు మోటార్లదీ కలిపి. ఒకదాని రెక్కలు ఊడి తేలిగ్గా తిరుగుతోంది. రెండోది నాచు చుట్టుకుని ఆయాసపడుతోంది. దీని ఎక్కువ, దాని తక్కువ కలిసి లెక్క సరిపోయింది. మర్నాటికి రెండో మోటారు కాలి, కంట్రోలర్ ఆగిపోయి, గట్టు వారన కొన్ని చేపలు తెల్లగా తేలాయి.

"కరెంటు కొలిచే టెస్టరు నా సంచీలోనే ఉందండీ. ఒక్కో మోటారు తీగకీ తగిలించి చూడ్డానికి బద్ధకించాను. ఆ మూగజీవాల ఉసురు ఊరికే పోతుందాండీ?" అని కళ్లు తుడుచుకునేవారు. వెనక బెంచీల్లో నవ్వులు. నేనేమో కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఈయన ఎప్పుడు కూర్చుంటారా అని చూసేదాన్ని.

నేను తాడేపల్లిగూడెం నుంచి కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, "అందరం తిన్నాం" అని అత్తయ్యగారు చెప్పినా, మావయ్యగారు వంటింటి గుమ్మం దాకా వచ్చి, "అందరి సంగతీ కాదమ్మా, నువ్వు తిన్నావా?" అని అడిగేవారు. చాలాసార్లు తినలేదు. నేను కంచం పెట్టుకునేదాకా అక్కణ్నుంచి కదిలేవారు కాదు. "కలిపి అడిగితే ఒకరి ఆకలి ఇంకొకరి కడుపులో దాక్కుంటుందమ్మా" అనేవారు. పుట్టింట్లో కూడా నన్నలా విడిగా అడిగినవాళ్లు లేరు.

సమాధి కార్యక్రమానికి ఆ రైతుగారు వచ్చారు. పదిమందిలో ఏమంటారోనని భయపడి, నేనే ఎదురెళ్లి చేతులు జోడించాను.

"మీ చెరువులో చేపలు పోయిన దగ్గర్నుంచీ మావయ్యగారికి మనశ్శాంతి లేదండీ. క్షమించండి."

"ఏ చేపలమ్మా?" అన్నారాయన.

మొత్తం చెప్పాను. గుర్తు తెచ్చుకోవడానికి పాపం చాలా తంటాలుపడ్డారు. "చెరువన్నాక చేపలు పోతూనే ఉంటాయి కదమ్మా. మీ మావయ్యగారు మా వేపు రావడం మానేస్తే, నేనే ఏదో మాట తూలానేమో అనుకున్నాను."

మా ఇంటికీ ఆయన చెరువుకీ మధ్య ఒక్క కాలవ. మావయ్యగారు ఎన్ని ఆదివారాలు ఏడ్చినా, ఇంట్లో ఒక్కరమూ అది దాటి వెళ్లి అడగలేదు.

రైతుగారు పెట్టె దగ్గరికెళ్లి, వంగి, మావయ్యగారి చెవి దగ్గర మెల్లగా అన్నారు.

"ఏవండీ, నాకు గుర్తే లేదండీ."