రెండు కడ్డీలు, ఒక చెంబు

2001 ఫిబ్రవరిలో మా అక్క కంటి శుక్లానికి గుంటూరులో ఆపరేషన్ కుదిరింది. రెండో కన్ను అప్పటికే పోయింది. అయినా మా పాత కారు ఎక్కనంది. మలుపు తిరిగినప్పుడల్లా అది పక్కకు ఒరిగేది, ఆమెకు వాంతులయ్యేవి. బస్సులోనూ అంతే.

"గుడ్డిదాన్నై కూర్చుంటాను గానీ ఆ ఉయ్యాల ఎక్కనే."

ప్రత్తిపాడు మెకానిక్ సాయిబుగారు కారు కింద దూరి, ముందు చక్రాలు రెంటినీ కలిపే ఇనప కడ్డీ చూపించారు. స్టెబిలైజర్ బార్ అంటారట. కారు ఒరగబోతే ఆపేది అదే. మాది పద్దెనిమిది మిల్లీమీటర్ల మందం. ఆయన దగ్గర ఇరవై రెండుది ఉంది.

"నాలుగు మిల్లీమీటర్లకే బిగువు రెట్టింపు దాటుద్దమ్మా."

నాకు నమ్మకం కలగలేదు. వెనక సీట్లో పళ్ళెం, అందులో నిండు చెంబు పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన ఒకే మలుపులో కారును నలభై వేగంతో తిప్పారు, పాత కడ్డీతో మూడుసార్లు, కొత్తదానితో మూడుసార్లు. పళ్ళెంలో ఒలికిన నీళ్ళు గిద్దతో కొలిచాను. పాతదానికి సగటున గిద్దన్నర, కొత్తదానికి గిద్దకు కాస్త తక్కువ.

"నీళ్ళు కొలిచే బదులు మీ అక్కనే కూర్చోబెట్టరాదూ?" అన్నారు మా ఆయన.

ఆ మాట వినాల్సింది. నేను కొలిచిందంతా తారురోడ్డు మీద. మా ఊరి నుంచి అక్కడికి మూడు కిలోమీటర్లు నల్లరేగడి దారి. బండ్లూ ట్రాక్టర్లూ తిరిగి ఒకపక్క లోతుగా గాడి పడింది. ఆపరేషన్ రోజు ఎడమ చక్రం అందులో దిగినప్పుడల్లా ఆ బిగువు కడ్డీ కుడి చక్రాన్నీ లాగి, కారును అటూ ఇటూ ఊపేసింది. అర కిలోమీటరుకే అక్క దిగిపోయింది.

"చెంబులో నీళ్ళు కొలిచావు, గాడి లోతు కొలవలేదేమే?"

ఇంటికి తిరగబోతుండగా వెనక మిరప టిక్కీల ఎడ్లబండి వచ్చింది.

"ఎక్కు పెద్దమ్మా, రోడ్డు దాకా దింపుతా," అన్నాడు బండి రైతు.

ఆ బస్తాల మీద కూర్చుని అక్క దారంతా తుమ్మింది, వాంతి మాత్రం చేసుకోలేదు. తారురోడ్డు మీద కారెక్కింది. గుంటూరు దాకా మలుపులన్నీ లెక్కపెట్టాను, పదకొండు. ప్రతి మలుపుకూ ఆమె మొహం చూశాను. కళ్ళు మూసుకుని కూర్చుందే గానీ నిమ్మకాయ అడగలేదు. పదిన్నరకు ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్ళారు.

కారుకన్నా బండే ఎక్కువ కుదుపుతుంది కదా, మరి అందులో అక్కకు వాంతి ఎందుకు రాలేదో! సాయిబుగారిని అడిగితే, "నాకు కార్ల సంగతే తెలుసమ్మా," అన్నారు.

నెల తరవాత అక్క ఆయన షెడ్డుకు వచ్చి, మూలన పడేసిన మా పాత కడ్డీని కంటి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇంత సన్నదా నన్ను ఏడిపించింది?"