పళ్ళ మేస్త్రీ అలమర

మా ఊళ్ళో అర్నోబియో ఉస్మెని డాక్టరని ఎవరూ అనరు. ఆయనా అనిపించుకోడు. పళ్ళు పీకేది వేరేవాళ్ళు. పీకాక బోసిపోయిన నోటికి పళ్ళ సెట్టు కట్టేది ఈయన. అందుకని పళ్ళ మేస్త్రీ. ప్వెర్తో రెమాన్సోలో రేవు నుంచి చర్చికి వెళ్ళే దారిలో ఆయన కొట్టు, దానికి ఎదురుగా నాది. నాది అర్జీలు టైపు చేసే కొట్టు. నా పేరు నొహెమి. ఈ వ్యవహారంలో ప్రతి ఉత్తరమూ నా చేతుల మీదుగానే వెళ్ళింది కాబట్టి, ఊళ్ళో చెప్పుకునే కథల కంటే నాకు తెలిసింది కాస్త నయం.

ఆయన ముప్పై ఏళ్ళు మగ్దలేనా నది వెంట పడవలో తిరిగాడు. ఏటి ఒడ్డు పల్లెల్లో పాతికేళ్ళకే పళ్ళన్నీ పీకించుకుని సెట్టు పెట్టించుకోవడం ఆ రోజుల్లో మామూలు. మైనంతో నోటి కొలత తీసుకుని, ఇంటికొచ్చి ప్లాస్టర్‌తో రెండేసి అచ్చులు పోసేవాడు. ఒకటి పనిలో పగిలిపోయేది. రెండోదాని అడుగున పెన్సిల్‌తో పేరూ ఊరూ రాసి అలమరలో పెట్టేవాడు. సెట్టు విరిగితే ఆ మనిషి మళ్ళీ ఇంత దూరం రానక్కర్లేదు కదా అని. అలా అలా గోడ పొడుగునా నేల నుంచి చూరు దాకా నిండిపోయాయి.

ఆయన భార్య ఎడిల్మాకి వాటిని చూస్తే ఒళ్ళుమంట. "అన్నం తింటుంటే రెండు వేల నోళ్ళు నన్నే చూస్తూ ఉంటాయి నొహెమీ! ఒక్కదానికి కూడా ముద్ద పెట్టలేదన్నట్టు," అనేది.

2011 వానాకాలంలో ఒక రోజు సమాధుల తోట కాపరి ఉబాల్దో వచ్చాడు. చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"దోన్ అర్నోబియో, ఇది చూడు. గట్టి సరుకు. కాస్త కడిగి ఎవరికైనా సరిపెట్టుకోవచ్చేమో."

పై పళ్ళ సెట్టు అది. అర్నోబియో కళ్ళద్దాలు పెట్టుకుని వెలుగులోకి తెచ్చి చూశాడు. ముందు రెండు పళ్ళ మధ్య బియ్యపుగింజంత సందు. లోపలి వైపు చిగుళ్ళ దగ్గర నున్నగా చెక్కిన వంపు. అది చూడగానే ఆయన ముఖం మారిపోయింది.

"ఎక్కడిదిది?"

"ఎక్కడిదైతేనేం?"

"ఇది నా పని ఉబాల్దో. ఈ వంపు ఈ నది మీద ఇంకెవడూ చెక్కడు. ఎవరి నోట్లోంచి తీశావ్?"

ఉబాల్దో తల గోక్కున్నాడు. మా సమాధుల తోటలో ఒక గోడ మొత్తం నదిలో కొట్టుకొచ్చినవాళ్ళదే. మా ఊరి దగ్గర నది నెమ్మదిస్తుంది, అందుకని పైనెక్కడో ఎవరో చంపి పారేసినవాళ్ళు మా రేవుకి తేలతారు. తుపాకులవాళ్ళు పల్లెల మీద పడ్డ ఆ చెడ్డ ఏళ్ళలో వారానికి ఇద్దరు ముగ్గురు తేలారు. వాళ్ళని ఒక్కో గూట్లో పెట్టి పైన ఎన్.ఎన్. అని రాస్తారు, పేరు తెలియదని. ఊళ్ళోవాళ్ళు తలా ఒక ఎన్.ఎన్.ని ఎంచుకుని, గూటికి రంగు వేసి, తమకి తోచిన పేరు పెట్టి, దీపం వెలిగించి మొక్కుకుంటారు. ఈ సెట్టు రేవులో చేపలు వేయించి అమ్మే రుబియెలా చూసుకునే గూట్లోది. ఎనిమిదేళ్ళయింది కదా అని ఎముకల్ని చిన్న గూట్లోకి మార్పిస్తుంటే కింద పడిందట.

"పడిందా, నువ్వు తీశావా?"

"పడింది, తీశాను. రెండూను," అన్నాడు ఉబాల్దో సిగ్గుపడుతూ.

"మళ్ళీ అక్కడే పెట్టేద్దాం. కానీ ముందు ఇతనెవరో తేలాలి."

ఆ సందు కావాలని అడిగినవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారని ఆయనకి గుర్తే. పేర్లు మాత్రం గుర్తు లేవు. మర్నాటి నుంచి అలమర ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. ఒక్కో అచ్చు దించడం, సెట్టు దాని మీద పెట్టి చూడడం, కుదరకపోతే దుమ్ము తుడిచి మళ్ళీ పైన పెట్టడం. కింది పళ్ళవి పక్కన పెట్టాడు. బతికి ఉన్నారని తెలిసినవాళ్ళవి పక్కన పెట్టాడు. అయినా పదిహేను వందలు మిగిలాయి. అంగిట్లో గీతలుంటాయి చూశారూ, అవి ఏ ఇద్దరికీ ఒకలా ఉండవు. సెట్టు ఒకే ఒక్క నోటికి కుదరాలి.

మూడు నెలలు పట్టింది. ఒక గురువారం మధ్యాహ్నం ఎదురు కొట్లోంచి నన్ను కేకేశాడు. వెళ్ళేసరికి ఎడిల్మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఈయన అచ్చు మీద సెట్టు పెట్టాడు. డబ్బా మూత పడ్డట్టు టక్కున కూర్చుంది. తలకిందులు చేసినా ఊడలేదు. అడుగున చెరిగిపోవచ్చిన పెన్సిల్ రాత: మిసాయెల్ తపియాస్, కాన్యో హోందో, 1998.

"ఇన్నాళ్ళూ మన ఇంట్లోనే ఉన్నాడు," అంది ఎడిల్మా. ఆ రోజు తర్వాత ఆవిడ అలమర గురించి విసుక్కోవడం నేను వినలేదు.

ఆయన ముందు రుబియెలా దగ్గరికే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. బాణలి ముందు నిలబడి ఉంది. విషయం చెప్పగానే గరిటె ఎత్తింది.

"నా హసింతో జోలికి రాకు! ఎనిమిదేళ్ళుగా నేను చూసుకుంటున్నాను. ఆకాశం రంగు నా చేత్తో వేశాను. ప్రతి సోమవారం పూలు పెడుతున్నాను. ఇప్పుడు నువ్వెవడివి వచ్చి పేరు మార్చడానికి?"

"ఆయనకి ముందే పేరుంది రుబియెలా."

"ఎవరికి కావాలి ఆ పేరు? వచ్చి అడిగారా ఎవరైనా? మా తమ్ముడు నది దాటి వెళ్ళి పద్నాలుగేళ్ళయింది. వాడు కూడా ఎక్కడో ఒక గోడలోనే ఉంటాడు. ఇక్కడ నేను ఇతనికి దీపం పెడితే అక్కడ వాడికి ఎవరో ఒకరు పెడతారని... అదొక్కటే నాకున్నది. నీకు పళ్ళు కనబడుతున్నాయి, నాకు మా తమ్ముడు కనబడుతున్నాడు. వెళ్ళు."

అర్నోబియో వెళ్ళలేదు. ఎండలో అలాగే నిలబడి మెల్లగా అన్నాడు: "అక్కడ మీ తమ్ముడికి దీపం పెట్టే ఆవిడ కూడా నీలాగే, వీడు నావాడు, వదలనంటే ఏం చేస్తావమ్మా?"

బాణలిలో చేప ఒక పక్క మాడిపోయింది. రుబియెలా దాన్ని తీసి పక్కన పడేసి, నడుముకి కట్టుకున్న గుడ్డతో మొహం తుడుచుకుంది. "అతని వాళ్ళు దొరికాకే తియ్యాలి. ఒక్క రోజు ముందు తీసినా ఒప్పుకోను," అంది.

కాన్యో హోందో అనే పల్లె ఇప్పుడు లేదు. 2003లో తుపాకులవాళ్ళు వచ్చి ఒక్క పూటలో ఖాళీ చేయించారు. అక్కడి జనం ఏ ఊరికి చెదిరిపోయారో ఎవరికీ తెలియదు. నేను టైపు కొట్టడం మొదలుపెట్టాను. పదకొండు ఊళ్ళ చర్చి ఫాదర్లకి, నాలుగు రేడియో స్టేషన్లకి. ఒకే ఉత్తరం, కింద ఒకే సంతకం. నెల రోజులు చూసి జవాబు రాకపోతే మళ్ళీ అదే ఉత్తరం. "ఇంకోసారి పంపుదామా?" అని నేను అడగడం మానేశాను. నెల మొదట్లో ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని కూర్చునేవాడు.

ఈలోగా ఒక రోజు మోటార్‌సైకిల్ మీద ఒకతను వచ్చాడు. ఇంజను ఆపలేదు. "మేస్త్రీ, బతికున్నవాళ్ళకి పళ్ళు కట్టుకో. చచ్చినవాళ్ళు నమలరు," అన్నాడు. అర్నోబియో గడప మీద నిలబడి అతని నోటికేసి చూశాడు.

"నీ కింది సెట్టు వదులైంది నాయనా. మాట్లాడుతుంటే ఆడుతోంది. దిగు, సరిచేస్తాను."

అతను దిగలేదు. మళ్ళీ రాలేదు కూడా. ఆ సాయంత్రం అర్నోబియో నా దగ్గర కాఫీ తాగుతూ, వీధిలో మోటార్‌సైకిల్ చప్పుడైనప్పుడల్లా లేచి గుమ్మంలోంచి తొంగి చూశాడు. భయం లేదని ఆయన ఎప్పుడూ అనలేదు.

ఉత్తరాలు మొదలుపెట్టిన ఏడో నెలలో నా కొట్లో ఫోన్ మోగింది. ఆడగొంతు. దూరంగా బస్సుల హారన్లు. తన పేరు త్రాన్సితో అని, రేడియోలో ఎవరో విని చెప్పారని అంది. నేను కాగితం కోసం వెతుక్కుంటుంటే తనే అడిగేసింది.

"ముందు పళ్ళ మధ్య సందు ఉందా?"

ఎదురు కొట్లోంచి అర్నోబియోని కేకేసి ఫోన్ ఆయన చేతికిచ్చాను.

"ఉందమ్మా. బియ్యపుగింజంత."

ఆవిడ అంది: "నేనే పెట్టించమన్నాను. సందు లేకపోతే వేరే మగాణ్ణి ఇంట్లోకి రానిచ్చినట్టుంటుంది, నేనొప్పుకోనన్నాను. మీరు ఆ రోజు విసుక్కున్నారట."

"విసుక్కున్నానమ్మా. అందంగా ఉండదని చెప్పాను. తప్పు నాదే."

మనిషి దొరికాడు, భార్య దొరికింది, ఇంక ఇవ్వడమే కదా అనుకున్నాం. జిల్లా కేంద్రంలో ఆఫీసువాళ్ళు అలా అనుకోలేదు. పళ్ళ సెట్టు ఎవరి నోట్లోనైనా పెట్టొచ్చు, అది రుజువు కాదు, ఎముక పరీక్ష కావాలి, దానికి వరస ఉంది అన్నారు. వరసలో మేము ఎక్కడున్నామో చెప్పినవాళ్ళు లేరు.

ప్రతి నెలా మొదటి మంగళవారం అర్నోబియో అచ్చునీ సెట్టు ఫొటోనీ చెప్పుల డబ్బాలో పెట్టుకుని నాలుగు గంటలు బస్సులో వెళ్ళేవాడు. మూడోసారికి అక్కడి గుమాస్తా ఆయన్ని చూడగానే లోపలికి కేకేసేవాడట: "సార్, పళ్ళొచ్చాయి!" ఈయన నవ్వి బెంచీ మీద కూర్చునేవాడు. సాయంత్రం బస్సుకి తిరిగొచ్చి, "వచ్చే నెల మళ్ళీ వెళ్తాను," అనేవాడు. అంతే, ఇంకో మాట లేదు. కోపం రాదా అని ఒకసారి అడిగాను. "వస్తుంది. కానీ కోప్పడితే ఆ గుమాస్తా తలుపు మూస్తాడు. నవ్వితే తెరిచి ఉంచుతున్నాడు," అన్నాడు.

తొమ్మిదోసారి వెళ్ళినప్పుడు బెంచీ మీద పక్కన కూర్చున్న అమ్మాయి డబ్బాలో ఏముందని అడిగింది. ఎముకలు చదివే నిపుణురాలట, వేరే పని మీద రాజధాని నుంచి వచ్చింది. అచ్చు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అంది.

"రెండు వేల మూడొందలు."

ఆ వారంలోనే మా ఊరు వచ్చింది. అలమర ముందు నిలబడి, కాసేపటికి నేల మీదే కూర్చుండిపోయింది. ఎడిల్మా నిమ్మరసం ఇచ్చింది. "పేర్లన్నీ ఉన్నాయి," అంటూనే ఉంది ఆ అమ్మాయి. ఆ అమ్మాయే ఆఫీసువాళ్ళ వెనకపడి రాయిస్తే మిసాయెల్ ఎముక పరీక్షకి వెళ్ళింది. త్రాన్సితో పిల్లల రక్తంతో సరిపోలింది. ఉబాల్దో పొట్లం తెచ్చిన నాటి నుంచి లెక్కేస్తే రెండేళ్ళ నాలుగు నెలలు.

అప్పగించింది చర్చి హాల్లో. త్రాన్సితో పెద్దకూతుర్ని తీసుకుని వచ్చింది. సన్నటి మనిషి, జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకుంది. చిన్న చెక్కపెట్టె. అందులో ఎముకలతో పాటు సెట్టు కూడా ఉంచారు. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఆ సందు తడిమింది.

"దీంతో మొదట తిన్నది మొక్కజొన్న కండె," అంది ఎవరితోనూ కాదన్నట్టు. "నాలుగు తిన్నాడు. కడుపునొప్పని రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు." కూతురు నవ్వబోయి ఏడ్చేసింది.

రుబియెలా గుమ్మం దగ్గరే ఆగిపోయింది. త్రాన్సితో తనే లేచి వెళ్ళింది.

"నువ్వేనా అక్కా పూలు పెట్టింది?"

"నేనే. నాకు తెలియక హసింతో అని పిలిచాను తల్లీ. ఏమనుకోకు."

"పదేళ్ళు ఆయనతో మాట్లాడినదానివి నువ్వొక్కదానివే. నువ్వెలా పిలిచినా పలికే ఉంటాడు." ఇద్దరూ పెట్టెని చెరోపక్క పట్టుకుని రేవు దాకా మోశారు. మగవాళ్ళని ముట్టుకోనివ్వలేదు.

రుబియెలా తమ్ముడు ఇంతవరకూ దొరకలేదు. అతనికి సెట్టు లేదు, సొంత పళ్ళే. అయినా ఆవిడ ఇప్పుడు ప్రతి సోమవారం తోటకెళ్ళి, గోడ మీది ఎన్.ఎన్.లకి రంగు వేసేవాళ్ళతో పోట్లాడుతుంది: గూటి మీద ఊరివాళ్ళు పెట్టిన పేరు రాసుకోండి, కానీ దొరికిన తేదీ మాత్రం చెరపొద్దు అని. ఆవిడ నోటికి జడిసి ఎవరూ చెరపడం లేదు.

అర్నోబియో ఇప్పుడు ప్రతి సెట్టు లోపలా పేరూ, గుర్తింపు కార్డు నంబరూ చెక్కుతాడు. జనం ఊరుకుంటారా? "ఏం మేస్త్రీ, నేను చచ్చాక గుర్తుపట్టడానికా?" అని ఎదురు తిరుగుతారు. "కాదు, సంతలో తాగి పోగొట్టుకుంటే ఇంటికి చేర్చడానికి," అంటాడు. చెక్కకుండా మాత్రం ఇవ్వడు. నచ్చనివాళ్ళు వేరే ఊరు పోవచ్చు. ఆ అలమర నుంచి ఇప్పటికి ఆరుగురికి పేర్లు తేలాయి. గోడలో ఇంకా నూట ఎనభై గూళ్ళున్నాయి. ఆయనకి ఒక కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ చేయించుకుని రెండో వారానికే మళ్ళీ పీట వేశాడు.

మొన్న జనవరిలో నది ఎగువన ఇంకో పళ్ళ మేస్త్రీ పోయాడని తెలిసింది. అతని భార్య పాత అచ్చులన్నీ గుంటలు పూడ్చడానికి ఇచ్చేస్తోందట. ఆ మధ్యాహ్నమే అర్నోబియో పడవ మాట్లాడాడు. నన్నూ రమ్మన్నాడు, పేర్ల పట్టీ రాయడానికి. ఐదు గోతాలు దొరికాయి. తిరుగు ప్రయాణంలో పడవవాడు సణుగుతూనే ఉన్నాడు.

"ఏం బరువు దోన్ అర్నోబియో! సిమెంటా?"

"మనుషులయ్యా. మెల్లగా నడుపు."

ఆయన అప్పుడే మొదటి గోతాం మూతి విప్పి ఒక అచ్చు తీసి, మంచి కన్ను దగ్గర పెట్టుకుని చూశాడు. పేరున్న చోట ప్లాస్టర్ పెచ్చు ఊడిపోయింది. కింద ఊరి పేరు ఒక్కటే మిగిలింది.

"పేరు లేదు కదండీ," అన్నాను.

"ఊరుందిగా. రాసుకో," అన్నాడు.