పంచక్కర్లేని పులుసు

చోడవరంలో కొత్తగా తెరిచిన చేపల హోటల్‌కి మనవరాలు నన్ను తీసుకెళ్ళింది. డబ్బు ముందే కట్టేస్తే ఎవరికి కావలసినంత వాళ్ళు వడ్డించుకోవచ్చట. కోనాం చేప పులుసు, వేయించిన చందువాలు, రొయ్యల ఇగురు, పీతలు పెద్ద పెద్ద పళ్ళాల్లో పొగలు కక్కుతున్నాయి. ఇంత చేప ఒక్కచోట వండి ఉండగా నేనెన్నడూ చూడలేదు.

మా ఇంట్లో ముక్కలు పంచేది నేనే. మగవాళ్ళూ పిల్లలూ తిన్నాక కూర్చునే నాకు చాలాసార్లు ఉత్త పులుసే మిగిలేది. ఆ అలవాటుకొద్దీ గరిటె అందుకుని, వరసలో ఉన్నవాళ్ళకి తలా ఒక ముక్క వేయడం మొదలుపెట్టాను.

ఒకాయన ఇంకో ముక్క అడిగాడు.

"ఆగు బాబూ, ఎనకోళ్ళు తినొద్దా?" అన్నాను.

"మామ్మా, నువ్వేటి వడ్డిస్తన్నావు! ఎవులికి ఆళ్ళే ఏసుకుంటారు," అని మనవరాలు ఒకటే నవ్వు.

"నవ్వకే గుంటా! అయిపోతే ఆకర్న తినీవోళ్ళ గతేటి?"

అంతలో వంటాయన వచ్చి, అడుగంటుతున్న పళ్ళెం తీసేసి, నిండుగా ఉన్న ఇంకొకటి పెట్టి వెళ్ళాడు. పంచడం ఆపి, నేనూ ఒక కంచం అందుకున్నాను. తర్వాత, నా వెనక ఇంకా అంతమంది నిలబడి ఉండగానే, నా కంచంలో నడిమి ముక్క వేసుకున్నాను.