మిద్దె మీది మాట మైలు దూరం

తొంభైల మొదట్లో ఒక చలికాలం. పులివెందులకూ చక్రాయపేటకూ నడుమ, చుట్టూ గుట్టలున్న ఒక పల్లెలో నాకు నెల రోజుల డ్యూటీ పడింది. గాలి వేడిని కొలిచే అబ్జర్వర్‌ని నేను. ఆ దిక్కున ఎవరో ఫ్యాక్టరీ కట్టాలనుకున్నారు. పొగగొట్టం ఎంత ఎత్తుండాలో చెప్పాలంటే ముందు అక్కడి గాలిని పొరలు పొరలుగా కొలవాలి. మాది ప్రొద్దుటూరు కాబట్టి నన్ను తోశారు. అంతకు ముందు ఏడాదే దక్షిణ ధ్రువ ఖండంలోని మన దేశపు స్థావరంలో ఒక చలికాలమంతా గడిపి వచ్చాను. మా ఆవిడ మాత్రం ఈ పల్లె పేరు వినగానే బెదిరిపోయింది. "ఆడ చలి ఒక్కటే. ఈడ మనుషులుండారు" అంది.

ధ్రువంలో నా పనంతా ఇన్వర్షన్ కొలవడమే. మామూలుగా పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. ఇన్వర్షన్‌లో అది తలకిందులవుతుంది. నేలను అంటుకున్న గాలి చల్లగా, దాని పైన గాలి వెచ్చగా ఉంటుంది. అక్కడ వారాల తరబడి సూర్యుడు రాడు. మంచు తనలో ఉన్న కాస్త వేడినీ ఆకాశానికి ఇచ్చేస్తూ పడుకుని ఉంటుంది. మేము తాడు కట్టిన బెలూన్‌కు థర్మిస్టర్, అంటే వేడిని పసిగట్టే చిన్న పూస, తగిలించి వదిలేవాళ్ళం. నేల మీద ఊపిరి గడ్డకట్టే చలి. నాలుగు కొబ్బరిచెట్ల ఎత్తుకు పోయేసరికి అంకెలు వెచ్చబడుతూ పోయేవి. తల మీద వేరే ఋతువు నడుస్తున్నట్టుండేది.

ఇంకో వింత ఉంది. ఆ వెచ్చని పొర శబ్దాన్ని పైకి తప్పించుకోనివ్వదు, వంచి మళ్ళీ నేలకే పంపుతుంది. మైలు దూరాన మంచు తవ్వుతున్న ఇద్దరి మాటలు నా చెవి పక్కనే వినిపించేవి. మనుషులు కనబడరు, మాటలు మాత్రం తేలుతూ వస్తాయి. ఎన్నోసార్లు పని మరిచిపోయి వింటూ నిలబడ్డాను. ఏ శబ్దం ఎంత దూరం నుంచి వినబడిందో రిజిస్టర్‌లో రిమార్కుల గడిలో రాసే అలవాటు అక్కడే పట్టుకుంది.

పల్లెలో రెండు వర్గాలు. జెండాలు ఎన్నికకొకటి మారేవిగానీ మనుషులు మారేవాళ్ళు కాదు. ఒక వర్గానికి పెద్ద నరసన్న. అసలు పేరు ఇది కాదు, ఇలా అనుకుందాం. ఆయన ఇల్లు ఊరి చివర ఎత్తు మీద ఉంది. గోడలకు చెవులుంటాయని ఆయన ముఖ్యమైన మాటలేవీ ఇంట్లో మాట్లాడేవాడు కాదు. తెల్లవారగానే తమ్ముణ్ణి తీసుకుని మిద్దె ఎక్కేవాడు. నాలుగు దిక్కులా ఖాళీ, అక్కడ ఎవరు వింటారులే అని ధైర్యం.

నేను బెలూన్ వదిలేది ఊరి వాగు వంకకు అవతల, ఆ మిద్దెకు మైలు దూరాన, ఎదుటి వర్గంవాళ్ళ మోటారు కొట్టం పక్కన. ఒక తెల్లవారుజామున మంచు కమ్మి ఉంది. పొయ్యిల పొగ పైకి లేవలేక ఊరి మీద దుప్పటిలా పరుచుకుంది. ఆ మసకలోంచి నరసన్న గొంతు వచ్చింది. "బేస్తవారం జమ్మలమడుగు కోర్టులో వాయిదా ఉంది. గుట్ట దారిన పోతాం, జీపు ఒకటే సాలు." పక్కనే నిలబడి చెప్పినంత స్పష్టంగా! కొట్టం గడపలో కూర్చున్న ఇద్దరు బీడీలు ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఎప్పటిలాగే రాసుకున్నాను: ఊరి మిద్దె నుంచి మాటలు, స్పష్టం.

ఆ గురువారం ఎదుటి వర్గంవాళ్ళు గుట్ట దారిలో బండలు అడ్డం పెట్టి కాచుకున్నారు. జీపు టైరు పంచరై ఆలస్యమైంది. ఈలోగా ముందు పోయిన బస్సును ఆపి వెతికారన్న కబురు తెలిసి నరసన్న వెనక్కి తిరిగాడు. ఇక ఊళ్ళో ఒకటే ప్రశ్న, చెప్పిందెవరు? మిద్దె మీద ఆ మాట అన్న పొద్దున నరసన్న ఇంటికి వచ్చిన బయటి మనిషి ఒక్కడే. గొర్రెల కాపరి మద్దిలేటి. ఎరువు కోసం మందను ఏ చేలో తోలాలో అడగడానికి వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. అంతే, నరసన్న మనుషులు అతన్ని పశువుల కొట్టంలో కట్టేశారు. అతని భార్య ఏడుస్తూ వీధిలో పడి ఉంది.

నోరు మూసుకుంటే నా నెల గడిచిపోతుంది. కానీ ఆ మనిషి ప్రాణం పోతుంది, మాట ఎలా పొక్కిందో నా రిజిస్టర్‌లో ఉంది. తిట్టుకుంటూనే రిజిస్టర్ చంకన పెట్టుకుని పోయాను.

నరసన్న ఆ రిమార్కు చదివించుకుని నవ్వాడు. "ఏంది సామీ, మైలు దూరం ఇనపడతాదంటాండావా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టినా. అయినా నువ్వూ ఆ మాట ఇంటివి గదా, నువ్వే చెప్పలేదని ఏం నమ్మకం?"

"రేపు తెల్లారి మంద కాడికి రాన్నా. అదీ మైలు దూరమే. నీ తమ్ముణ్ణి మిద్దె మీద మాట్లాడమను" అన్నాను.

"ఇనపడకపోతే?"

ఆయన కళ్ళు పశువుల కొట్టం వైపు తిరిగాయి. నేను రిజిస్టర్ మూసి బయటపడ్డాను.

మర్నాడు లేచి చూస్తే ఆకాశమంతా మబ్బు! మబ్బుంటే నేల వేడి పైకి పోదు, ఇన్వర్షన్ కట్టదు. బెలూన్ వదిలాను. పైకి పోయేకొద్దీ చల్లగానే ఉంది. "ఈ పొద్దు ఇనపడదన్నా" అని ముందే చెప్పేశాను. అనుకున్నట్టే తమ్ముడు గొంతు చించుకున్నా ఏమీ వినబడలేదు.

"అయిపాయె గదా సామీ" అన్నాడు నరసన్న.

భయానికో కోపానికో నా గొంతు లేచింది. "ఇనపడదని నేనే చెప్తినే! లేనినాడు లేదని చెప్పినోడు, ఉన్ననాడు ఉందంటే నమ్మవా? మబ్బు పోనీ!"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "సరే, రేపొక్క పొద్దు" అన్నాడు.

రెండో రోజు ఆకాశం కడిగినట్టుంది. మంద చుట్టూ మంచు మోకాళ్ళ దాకా పారుతోంది. గొర్రెల వీపులు మాత్రం తేలుతున్నాయి. నేల దగ్గర పదహారు డిగ్రీలు, తాడు చివర ఇరవై రెండు. ఏడాది కిందటి మంచులో నిలబడ్డట్టే అనిపించింది. తమ్ముడు మాట్లాడాల్సిన వేళ ఇంకా కాలేదు. అంతలో ఒక ఆడగొంతు వచ్చింది, మెల్లగా, నాకూ నరసన్నకూ మధ్య నిలబడి చెప్పినట్టు.

"గండి ఆంజనేయసామీ, ఈ పొద్దు గూడా నా మొగుణ్ణి ఇంటికి చేర్చు. దినామూ ఇదే అడగాల్సి వస్తాంది. ఆ మద్దిలేటి పెండ్లాం నా కాళ్ళ మీద పడి ఏడ్సింది సామీ. ఆ యమ్మ ఉసురు మాకొద్దు. ఈయనకు చెప్పే ధైర్యం నాకు లేదు, నువ్వే చెప్పు."

అది నరసన్న భార్య గొంతు, వాకిట్లో నిలబడి మొక్కుకుంటోంది. ఆయన కదల్లేదు. తర్వాత తమ్ముడు మిద్దె ఎక్కి ఏదో వాగాడు, అదీ స్పష్టంగా వినబడింది. కానీ అప్పటికే ఆయన తల తిప్పుకుని తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. ఎండ పొడిచింది. నేల వెచ్చబడేకొద్దీ మాటలు పలచబడి ఆగిపోయాయి.

నరసన్న నా వైపు తిరిగి అడిగాడు. "సామీ, ఆ పొద్దు మోటారు కొట్టం కాడ ఎవురెవురుండారు?"

ఆ ఇద్దరి మొహాలూ నాకు బాగా గుర్తున్నాయి. "నేను బుడగను చూస్తాంటి అన్నా, మనుషులను చూడలేదు" అన్నాను. నా సర్వీసు మొత్తంలో నేను చెప్పిన తప్పుడు రీడింగు అదొక్కటే.

ఆ పూటే మద్దిలేటిని వదిలేశారు. గొడవలు ఆగిపోయాయని చెప్పను, ఆగలేదు. మంతనాలు మిద్దె దిగి గదిలోకి పోయాయి.

ఊరు విడిచే ముందు మద్దిలేటి దగ్గరికి పోయాను. మణికట్ల మీద తాడు వాతలు ఇంకా ఉన్నాయి. నేనేదో పెద్ద సంగతి కనిపెట్టినట్టు ఇన్వర్షన్ గురించి చెప్పుకుంటూ పోయాను. అంతా విని, "నాకు తెలుసు సామీ" అన్నాడు. "ఇరవై ఏండ్లుగా మంద కాడనే పండుకుంటాండా. సలికాలం వస్తే రెండు పార్టీల మాటలూ ఇనపడతాయి."

"మరి కొట్టంలో కట్టేసినప్పుడైనా చెప్పొచ్చు కదప్పా!"

"చెప్తే? ఇన్నేండ్లూ ఏమేం ఇంటివి అని అడగరా? ఒకరి మాట చెప్తే ఒకరు సస్తారు. నేనొక్కణ్ణే పోతే పోతి అనుకుంటి." మళ్ళీ తనే అడిగాడు. "ఆ మంచు దేశంలోనూ ఇట్లే ఇనపడతాదా? ఆడ ఏం మాట్లాడుకుంటారు సామీ?"

"ఇంటికి ఎప్పుడు పోతామా అని."

"ఈడా అంతే" అని మందను అదిలించుకుంటూ పోయాడు. గాలిని ఎలా కొలవాలో నాకు చాలామంది నేర్పారు. విన్నదాన్ని ఎక్కడ దాచాలో నేర్పింది మద్దిలేటి.